మా ఊరి పెద్దమ్మ కిరాణం: పదేళ్ల ఉద్దెర పుస్తకం

కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. జగిత్యాల జిల్లా. ఊళ్లో మూడు కిరాణ దుకాణాలున్నాయి. నేను చెప్పేది హనుమాండ్ల గుడి పక్కన, ముందు రేకుల పందిరి ఉన్న దుకాణం గురించి. దానికి బోర్డు లేదు, అందరూ పెద్దమ్మ కిరాణం అంటారు. దాదాపు పదేళ్లుగా మా ఇంటి సామాను అక్కడి నుంచే, ఉద్దెరకు, అంటే పుస్తకంలో రాయించి తర్వాత పైసలు కట్టే లెక్క మీద వస్తోంది. కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

పొద్దున అయిదున్నరకు తలుపు తీస్తుంది. ఆరింటికల్లా పాల ప్యాకెట్లు ఉంటాయి. పప్పులు గోనె సంచుల్లో విడిగా ఉంటాయి, చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు. కందిపప్పు ఆమే చెరిగి పోస్తుంది, ఇన్నేళ్లలో మా గిన్నెలో రాయి తగల్లేదు. చింతపండు గింజ తీసినదీ తీయనిదీ రెండు రకాలు దొరుకుతుంది. పసుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చుట్టుపక్కల రైతుల దగ్గర కొమ్ములు కొని గిర్నీలో పట్టిస్తుంది. కూరలో చిటికెడు వేస్తే చాలు, చేతికి అంటితే రెండు రోజులు పోదు. ప్యాకెట్ పసుపు వాడేవాళ్లు ఒక్కసారి ఇది తీసుకుపోయి చూడండి.

ధరలు కొంచెం ఎక్కువే. మెట్‌పల్లి సూపర్‌మార్కెట్‌తో పోలిస్తే కందిపప్పు కిలోకు అయిదారు రూపాయలు, మంచినూనె ప్యాకెట్‌కు రెండు మూడు రూపాయలు తేడా. మా నెల సామాను మీద లెక్క వేస్తే నూట యాభై నుంచి రెండు వందల దాకా ఎక్కువ పడుతోంది. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం, మెట్‌పల్లి పోవడానికి చార్జీ కూడా కాదు. అయినా నేను పోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే 2016 నుంచి మొదలుపెట్టాలి.

మా వైపు మగవాళ్ల బతుకు గురించి ఒక మాట ఉంది: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. మా మామ బొంబాయి పక్కన భివండిలో మగ్గం నడిపాడు. మా ఆయన దుబాయి పోయాడు. 2016 ఫిబ్రవరిలో, షటరింగ్ పనికి. ఏజెంటుకు 80,000 కట్టాం. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి (వడ్డీకి) తెచ్చిన పైసలు, అంటే నెలకు 1,600 మిత్తికే పోవాలి. జీతం వెయ్యి దిర్హములన్నారు. అప్పుడు దిర్హం 18 రూపాయలు ఉంది. నెలకు 18,000 అని ఇంట్లో అందరం లెక్క కట్టుకున్నాం. ఆ లెక్కలో ఆయన అక్కడ తినే తిండి లేదు, సెల్లు రీచార్జి లేదు, మొదటి నెలన్నర జీతం కంపెనీ తన దగ్గరే పట్టి ఉంచుకుంటుందన్న సంగతి అసలే లేదు.

మొదటి పైసలు మే నెల రెండో వారంలో వచ్చాయి. అప్పటిదాకా ఇంట్లో ఉన్నది నేనూ మా అత్తమ్మా. నాకు కడుపు. రేషన్ కార్డు మీద రూపాయికి కిలో చొప్పున మనిషికి ఆరు కిలోలు, మూడు పేర్లకు 18 కిలోల కంట్రోల్ బియ్యం వచ్చేది. అన్నం ఉంది. అన్నంలోకే ఏమీ లేదు. అంతకుముందు ఏడాది చివర్లో కందిపప్పు కిలో రెండు వందల దాకా పోయింది. మేం కొనేనాటికి కొంచెం దిగినా నూట యాభై పైనే ఉంది. అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, నేనూ చుట్టేదాన్ని. కానీ బీడీ కంపెనీ నెలలో పది, పన్నెండు రోజులకే ఆకు ఇచ్చేది. ఆ పైసలు నూనెకు, కూరగాయలకు సరిపోయేవి కావు. వారంలో నాలుగు రోజులు పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద మధ్యాహ్నం భోజనం, గుడ్డు, గ్లాసు పాలు పెట్టేవాళ్లు. ఆ నెలల్లో నేను తిన్న గుడ్లన్నీ అక్కడివే.

మార్చిలో ఒకరోజు పెద్దమ్మ దగ్గరికి పోయి పావుకిలో పప్పు అడిగాను. పైసలు తర్వాత ఇస్తానని చిన్నగా చెప్పాను. ఆమె త్రాసులో అరకిలో గుండు పెట్టింది.

“పావుకిలో అన్న పెద్దమ్మా.”

“కడుపుతోని ఉన్నవు. పావుకిలో ఎన్నొద్దులు వస్తది బిడ్డా?”

అరలోంచి రెండు చిన్న పుస్తకాలు తీసింది. చేతివేలితో డబ్బాలోని పసుపు అద్ది రెండింటి మీదా బొట్టు పెట్టింది. ఒకదాంట్లో మొదటి లైను రాసింది: తేదీ, కందిపప్పు అరకిలో, ధర. రెండోది నా చేతిలో పెట్టి, “ఇది ఇంట్ల పెట్టుకో. నేను రాసిన కాడ నువ్వు గూడ రాసుకో. రెండిట్ల లెక్క కలవాలె” అంది. వీసా మీద పోయినోళ్లు మొదటి పైసలు పంపడానికి మూడు నెలలు పడుతుందని నాకు మొదట చెప్పింది కూడా ఆమెనే. ఏజెంటు చెప్పలేదు. ఆమెకు ఎట్లా తెలుసంటే, ఈ దుకాణం పెట్టిందే వాళ్లాయన దుబాయిలో పదకొండేళ్లు చేసిన పైసలతో. ఆయన పోయిన మొదటి ఏడాది ఆమె కూడా ఒక దుకాణం ముందు నిలబడిందట. ఉద్దెర పుట్టలేదట.

మే నెలలో మా ఆయన 500 దిర్హములు పంపాడు, 9,000 రూపాయలు. మూడు నెలల మిత్తి 4,800. పెద్దమ్మ ఖాతా 4,120. రెండూ కట్టాక నా చేతిలో 80 రూపాయలు మిగిలాయి. ఆ సాయంత్రమే పుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. వాడకట్టులో అందరూ మాకు దుబాయి పైసలు వచ్చాయనుకున్నారు. ఆయన ఊళ్లో కూలికి పోయిన రోజుల్లో మేం ఇంతకంటే బాగా తిన్నాం, ఇది నేను గట్టిగా చెప్తాను. మొదటి ఏడాది, ఏడాదిన్నర వీసా అప్పే తింటుంది. ఇంట్లో వాళ్లు తినేది ఆ తర్వాతే. మా అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ పెద్దమ్మ ఒక్క రూపాయి మిత్తి వేయలేదు. కిలోకు అయిదు రూపాయలు ఎక్కువ తీసుకున్నా నేను నోరు మూసుకుని ఇవ్వడానికి కారణం ఇదే.

అదే ఏడాది నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. పాప మూడు నెలలది. ఆయన పంపిన 11,000 బ్యాంకులో ఉన్నాయి, నా చేతిలో పాత అయిదు వందల నోట్లు రెండున్నాయి. పాపను ఎత్తుకుని రెండు రోజులు లైన్లో నిలబడితే రెండు వేలు చేతికొచ్చాయి. ఆ నెలంతా పుస్తకం మీదే నడిచింది.

2020 గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఏప్రిల్ నుంచి ఆయన పని చేసే చోట జీతాలు ఆగిపోయాయి. పనోళ్లు ఉండే క్యాంపు గేటు దాటనివ్వలేదు. మే 7 నుంచి బయటి దేశాల్లో చిక్కుకున్నోళ్లను తెచ్చే వందేభారత్ విమానాలు మొదలయ్యాయి గానీ, టికెట్ పైసలు మనమే పెట్టుకోవాలి. వస్తే మళ్లీ వీసా ఉంటుందో ఉండదో తెలియదు. అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ సర్కారు ఏప్రిల్‌లో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. మాకు మూడు పేర్ల మీద 36 కిలోలు వచ్చాయి. అప్పటికి బాబు కూడా పుట్టాడు, కానీ పిల్లల పేర్లు కార్డులో లేవు. అవి ఎక్కింది 2025లోనే. బీడీల పని కూడా ఆగింది. మళ్లీ అన్నం ఉంది, అన్నంలోకి లేదు.

మా ఊళ్లో అరవై, డెబ్బై గల్ఫ్ ఇండ్లుంటాయి. అన్నింటికీ ఒకేసారి పైసలు ఆగాయి. పెద్దమ్మకు సరుకు వేసే హోల్‌సేల్ వాళ్లు ఆమెకు ఉద్దెర ఆపేశారు. ఏప్రిల్ చివర్లో ఆమె మమ్మల్ని ఒక్కొక్కరిని పిలిచి ఒకే మాట చెప్పింది: “పొయ్యి మీదికి పోయేది ఏదీ ఆప. మిగిలినయి రాయ.”

పప్పు, నూనె, ఉప్పు, కారం, పసుపు, చింతపండు, ఉల్లిగడ్డ, పిల్లలున్న ఇంటికి పాలు, ఇవి రాసింది. కరోనా కాబట్టి సబ్బు రాసింది. షాంపూ, చిప్స్, కూల్‌డ్రింకు, అగర్‌బత్తులు పైసలిస్తేనే. నూనె నెలకు రెండు ప్యాకెట్లు, అంతే. చక్కెర దగ్గర మా అత్తమ్మతో గొడవ అయింది. చాయ కూడా పొయ్యి మీదికే పోతుంది కదా అని అత్తమ్మ అరుగు మీద కూర్చుని గంట సేపు కొట్లాడింది. చివరికి నెలకు అరకిలో చక్కెర, నూరు గ్రాముల చాయపత్తి అని ఒప్పుకుంది. ఆ రూలు ఆ తర్వాత అన్ని ఇండ్లకూ వర్తించింది. పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం కుదువపెట్టి సరుకు తెచ్చిందని నాకు చాలా రోజులకు తెలిసింది.

సెప్టెంబర్‌లో సగం జీతం మొదలైంది. అప్పటికి మా పుస్తకంలో 11,480. తీరేసరికి 2021 మార్చి వచ్చింది.

ఆ నెలల్లో మా ఆయన ఏం తిన్నాడో 2022లో సెలవు మీద వచ్చినప్పుడు గానీ చెప్పలేదు. పొద్దున చాయలో ఖుబ్బూస్ రొట్టె, రాత్రి ఆరుగురికి కలిపి ఒక గిన్నె పప్పు. ఎవరెవరో తెచ్చిచ్చిన సామాన్ల కిట్లతో వండుకున్నారు. జీతం మొదలయ్యాక కూడా ఇక్కడి ఖాతా తీరేదాకా మెస్సు బంద్ పెట్టి, ఖుబ్బూస్, ఉల్లిగడ్డతో వెళ్లదీశాడు. ఫోన్లో నేను “తిన్నవా?” అని అడిగిన ప్రతిసారీ తిన్న అనే చెప్పాడు. ఇక్కడ మేం ముద్దపప్పు తిన్న రోజుల్లో అక్కడ ఆయన ఏం తిన్నాడో తెలిశాక, నెలకు పంపే పైసల్లో వంద దిర్హములు తగ్గించుకుని మెస్సు కట్టమని నేనే చెప్పాను. మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే, తిన్నవా అని అడిగి ఊరుకోకండి. ఏం తిన్నవని అడగండి.

ఈ దుకాణంలో ఇంకెక్కడా దొరకని పని ఒకటుంది, దుబాయి ప్యాకింగు. సెలవు మీద వచ్చినోళ్లు తిరిగి పోయేటప్పుడు సామాను కట్టిస్తుంది. మామిడికాయ తొక్కును మందపాటి కవర్లో పోసి, గాలి తీసి, మూతి మంట మీద అతికించి, మళ్లీ ఇంకో కవర్లో పెట్టి చుట్టూ టేపు వేస్తుంది. సకినాలు విరగకుండా స్టీలు డబ్బాలో కాగితం పరిచి పేరుస్తుంది. కారం, పసుపు, ఎల్లిపాయ కారం, ధనియాల పొడి. మనం ఇంట్లో చేసినవి తెచ్చినా కట్టిస్తుంది. కవర్ల పైసలు, టేపు పైసలు మాత్రమే తీసుకుంటుంది. ఎవరు ఏ రోజు పోతున్నారో ఆమెకు తెలుసు కాబట్టి, పక్కూరి వాళ్లతో కూడా మన పార్సిల్ పంపిస్తుంది. ఇప్పటిదాకా మా ఆయనకు చేరిన ఒక్క తొక్కు ప్యాకెట్ కూడా కారలేదు. దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

ఇక నాకు నచ్చనివి.

పిల్లలకు అడిగింది ఇచ్చేసి పుస్తకంలో రాస్తుంది. మా బాబు బడి నుంచి వస్తూ రోజూ ఒక చిప్స్ ప్యాకెట్, ఒక క్రీము బిస్కెట్ తెచ్చుకున్నాడు. నెల చివర చూస్తే వాటికే 640 రూపాయలు. ఆ పైసలకు తొంభై గుడ్లు వస్తాయి. గల్ఫ్ ఇంటి పిల్లలంటే దుకాణంలో ఎవరూ కాదనరు, 2020లో చిప్స్ రాయనన్న ఆమే ఇప్పుడు రాస్తోంది. రెండుసార్లు చెప్పాక మా పుస్తకం అట్ట మీద “పిల్లలకు ఇవ్వద్దు” అని రాయించాను. ఇప్పుడు బాబు వేరే పిల్లల పేరు మీద అడిగినా ఇవ్వడం లేదు. అందరి పుస్తకాల మీదా అట్లా రాస్తే బాగుండు.

ప్యాకెట్ సరుకు డేట్ చూసుకోవాలి. సేమియా ప్యాకెట్ ఒకటి మూడు నెలలు దాటినది వచ్చింది. మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చింది, కానీ ముందే తీసేయాలి కదా.

అన్నింటికంటే నాకు బాధనిపించేది ఇంకొకటుంది. గల్ఫ్ ఇంటికి మూడు నెలలు ఉద్దెర ఉంటుంది. కూలికి పోయే ఇంటికి వారమే. దుబాయి ఉన్న యూఏఈ దేశం 2024లో వీసా లేనివాళ్లకు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు మా వాడకట్టులో ఒకతను, వీసా లేక ఏళ్ల తరబడి చిక్కుకున్నవాడు, వాపస్ వచ్చాడు. వాళ్లింటి ఖాతా ఆ నెల నుంచే నెలకు 1,500కు దిగింది. పప్పు, నూనె ఆపలేదు, నిజమే. కానీ మనిషి వాపస్ వచ్చాక ఇంట్లో తినేవాళ్లు ఒకరు పెరిగారు, రాసేది తగ్గింది. పెద్దమ్మను అడిగాను. “వాళ్లకు యాడికెల్లి వస్తయి బిడ్డా? నేను గూడ సరుకుకు కట్టాలె గదా” అంది. ఆమె లెక్క నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. వీసా ఉన్న ఇంటికే నమ్మకం, లేని ఇంటికి లేదంటే, అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకే దుకాణం తలుపు సన్నబడుతోంది. ఆ ఇంటికి నా పుస్తకంలో నెలకు కిలో పప్పు రాయమని చెప్పాను. వాళ్లకు నా పేరు చెప్పొద్దన్నాను.

ఇప్పటి పరిస్థితి చెప్తాను. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం వస్తున్నాయి. పిల్లల పేర్లు ఎక్కాక అయిదుగురికి 30 కిలోలు. అంతకుముందు దొడ్డు బియ్యాన్ని ఇడ్లీకి, దోశకు వాడుకుని, అన్నానికి 25 కిలోల సంచి వేరే కొనేవాళ్లం. ఇప్పుడు కొనడం లేదు. పెద్దమ్మ బియ్యం బేరం సగానికి పడిపోయింది, ఆమె బియ్యం సంచులు ఉన్న మూల ఇప్పుడు గుడ్ల అట్టలు పెట్టింది. మా ఇంట్లోనూ అంతే, బియ్యం పైసలు గుడ్లకు, పాలకు మారాయి. కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ వేలిముద్ర వేయాలన్నప్పుడు మాత్రం నాకు చాలా టెన్షన్ అయింది, మా ఆయన పేరు పోతే ఆరు కిలోలు పోతాయి. సెలవు మీద వచ్చినప్పుడు మొట్టమొదట రేషన్ షాపుకే తీసుకుపోయాను.

దుకాణంలో రోజూ ఎవరో ఒకరు దిర్హం రేటు అడుగుతుంటారు. పెద్దమ్మ సెల్లులో చూసి చెప్తుంది. 18 ఉన్నది ఇప్పుడు 24 దాటింది. ఒకసారి నేను సంబురంగా రేటు పెరిగిందంటే, “నూనె గూడ పెరుగుతది, ఆగు” అంది. నిజమే. దిర్హం డాలర్‌కు కట్టేసి ఉంటుంది, రూపాయి పడితే మాకు నాలుగు పైసలు ఎక్కువ వస్తాయి. కానీ మన మంచినూనె సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే, అది కూడా పిరమవుతుంది. 2016లో ఎనభై ఉన్న ప్యాకెట్ ఇప్పుడు నూట యాభై. గుడ్డు నాలుగు రూపాయల నుంచి ఏడు. ఆయన జీతం పదేళ్లలో వెయ్యి నుంచి 1,300 దిర్హములయింది. పెద్దమ్మ పుస్తకాలు ముందేసుకుని చూస్తే ఆ మూడు వందలు ఎక్కడికి పోయాయో కనపడుతుంది.

ఇంకో సంగతి కూడా పుస్తకాలే చూపించాయి. మొదటి పుస్తకంలో కందిపప్పు మార్చి నుంచే ఉంది. అంతకుముందు మాకు కొన్న పప్పు లేదు. ఎకరం పొలం గట్ల మీద కందులు పెట్టేవాళ్లం, ఏడాదికి సరిపోను వచ్చేవి. మక్కలు (మొక్కజొన్న) కూడా ఇంట్లోవే, అత్తమ్మ వాటితో గట్క వండేది. మగమనిషి లేడని ఆయన పోయిన ఏడాదే పొలం కౌలుకు ఇచ్చాం. కౌలు రైతు వరి తప్ప ఏదీ వేయడు. ఇంట్లోకి పైసలు వచ్చాయి, పప్పు పోయింది. ఇది నాకు పుస్తకాలు వరుసగా పేర్చి చూసుకున్న రోజు దాకా తట్టలేదు.

ఈ వానాకాలం కౌలు రైతుతో మాట్లాడి గట్ల మీద కందులు పెట్టించాను. గింజలు నేనే ఇచ్చాను, నేనూ అత్తమ్మా పోయి కలుపు తీశాం. ఇప్పుడు పూత మీద ఉన్నాయి. మొన్న ఆ మాట పెద్దమ్మకు చెప్పాను. పప్పు గిరాకీ పోతుందని మొఖం చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. “మీకు ఏడాదికి సరిపోను ఉంచుకోండ్రి. మిగిలినయి నాకియ్యుండ్రి, మెట్‌పల్లి రేటే కట్టిస్త” అని, నా పుస్తకం వెనక పేజీ తిప్పి, కందులు అని రాసి ఖాళీ వదిలింది.

కొత్తగా పోయేవాళ్లకు: సంచి మీరే తీసుకుపోండి. సెల్లుతో పైసలు కొట్టొచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా తలుపు వేసి ఉంటుంది. జొన్నలు, తైదలు (రాగులు) కావాలంటే వారం ముందు చెప్పండి, తెప్పిస్తుంది. ఖాతా మొదలుపెడితే రెండో పుస్తకం అడిగి తీసుకోండి.